గోడగడియారం వినవడ్డ పొద్దు

రాజేశం కాక అస్తమయ వార్తను మాకు మనుషులెవరూ మోసుకురాలే. గోడగడియారం చెప్పింది. పోయిన నెల ఒకనాడు పొద్దుగాల, వాడకట్టుల మగ్గాలు ఇంకా మొదలుగాకముందే, కాకకు చాయ్ పట్టుకొని ముందరి అర్రలకు వచ్చిన చిన్నమ్మ నడుమల ఆగిపోయింది.

"మన గడియారం గింత చప్పుడు చేస్తదా రా?" అన్నది.

ఏండ్ల సంది అదే గోడకున్న గడియారం. దాని చప్పుడు మేం వినుడు అదే మొదలు. అటెన్క ఇద్దరం కాక కుర్చీ దిక్కు చూసినం. ఆయన నిశ్చలంగ కూసున్నడు. నేను దిగ్భ్రాంతుణ్ణైన. ఏం చేయాలెనో తోచక ఆ చాయ్ నేనే తాగిన.

ఎరుగనివారి కోసం చెప్పాలె. కాక ఛాతీల లోహపు కవాటం ఉండేది. గుండె మొదట్ల ఉబ్బిన పెద్ద నరాన్నీ, దాని కవాటాన్నీ హైదరాబాదుల మార్చిండ్రు. నాటి నుంచి ఆయన పక్కన కూసుంటే టిక్ టిక్ అని స్పష్టంగ వినవడేది. గల్లీ పిల్లలతోని దాగుడుమూతలు ఆడితే మొదలు దొరికేది ఆయనే. పేకాటల జోకర్ వడితే ఛాతీ జోరందుకునేది, అందరూ ముక్కలు కింద వెట్టేటోళ్ళు. ఇంతటి సత్యసంధుణ్ణి నేను మళ్ళ చూడలే.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను సాంచెలంటం. ఒకే సాంచె దగ్గర మా తాత కూలిండు, మా బాపు కూలిండు. ఇద్దరికీ నలభై నిండలే. ఇద్దరివీ పొడుగు కాళ్ళు, సాలెపురుగు వేళ్ళు. సాంచెకు దయ్యం వట్టిందని ఊరు తీర్మానించింది. సేటు దాన్ని అమ్మేసిండు. కాక మాత్రం, "దయ్యానికి మన ఇంటోళ్ళ మీదనే గంత ప్రేమెందుకు?" అని తనే డాక్టర్ దగ్గరికి పోయిండు. వంశపారంపర్యంగ వచ్చే రోగమని తెలుసుకొని వచ్చి, నేతభాషల మాకు చెప్పిండు.

"దేవుడు పడుగు మంచిగనే వోసిండు, పేకనే పలచగ కొట్టిండు. మన ఒంటి బట్ట గంతే. పలచటి బట్టను చినగకుంట కట్టుకునుడు నేర్వాలె."

నేర్చిండు. నూలు చుట్టిన బరువైన బీములు మోసుడు బంద్ వెట్టి, నేసిన బట్టల తప్పులు చూసే పనికి మారిండు. రక్తం పలచన చేసే గోళీ రోజూ ఒక్క టైముకు. నెలకోసారి కరీంనగర్ల రక్తపరీక్ష. ఆకుకూర ఒకనాడు కుప్ప, ఒకనాడు సున్న అయితే గోళీ లెక్క తప్పుతదని చిన్నమ్మ గిన్నెతోని కొలిచి వెట్టేది.

పగటిపూట మాత్రం సాంచెల షెడ్డుల, ఆ ఘోరారావం నడుమ, హాయిగ పండుకునేటోడు. "ఇంట్ల నిద్ర వట్టదా కాకా?" అని అడిగిన.

"ఇంట్ల నాకు నేను వినవడుత రా. ఈడ వినవడ."

 

పెండ్లైనా, దినాలైనా, రక్తసంబంధీకులు కనవడితే కాక చెయ్యి పట్టేటోడు. "బొటనవేలు లోపల వెట్టి పిడికిలి బిగవట్టు." వేలికొన చిటికెనవేలు దాటి అవతలికి తొంగిచూస్తే, గుండె స్కానింగుకు తోలేటోడు. ఒకపారి పీటల మీది పెండ్లికొడుకు చెయ్యే పట్టిండు. పంతులు మంత్రం మరిచిండు. నా వంతు వచ్చిననాడు నేను వేలును లోపల్నే ముడిచిన.

"పాస్ కాకా!"

టిక్ టిక్. ఆయన నా మొకం చూసిండు. "తెగిన పోగును పది గజాల దూరంనుంచి పడుత. గీ వేలు కనవడదా? స్కానింగుకు నీకు మనసైననాడే పో బిడ్డా. కానీ నేనున్నప్పుడే పో."

పోలే. నవ్వులాటల దాటేసిన. నాది తాత పొడుగు, బాపు వేళ్ళు. స్కానింగుల ఏం కనవడుతదో నాకు ఎరుకే, అదే భయం.

మార్చిన నరం నిలవడ్డది, మార్చని చోట చినిగిందని డాక్టర్లన్నరు. దినాలైనంక గడియారం మోత భరించలేక చిన్నమ్మ దాని సెల్లు తీసేసింది. అయినా ఆ మాపటేళ టిక్ టిక్ అని వినవడ్డది.

"మీ కాకనే," అన్నది చిన్నమ్మ.

"బల్లి," అన్న. గోడలన్నీ వెతికిన. బల్లి లేదు.

"నవ్వులాట చాలు. పిడికిలి వట్టు రా," అన్నది.

పట్టిన. ఈసారి ముడువలే. వేలికొన బయటికి వచ్చి మా ఇద్దరినీ చూసింది. చప్పుడు ఆగింది. ఎందుకు ఆగిందో నన్ను అడుగకుండ్రి.

తెల్లారి కరీంనగర్ పోయిన. నరం ఉబ్బుడు మొదలైందట. ఇప్పుడే కోసేది లేదు, రోజూ గోళీ, ఏడాదికోసారి స్కానింగు. "జర ముందే వచ్చేదుండె," అన్నడు డాక్టర్. ఆ మాట నాకు పాతదే.

మహనీయులు పోతే తీరని లోటంటరు. మా ఇంట్ల ఆ లోటుకు ఒక కుర్చీ ఉన్నది, ఎవరూ కూసుంటలేరు. కాకా, నువ్వున్నప్పుడు పోలే. తప్పైంది.

ఇంటికొచ్చి డాక్టర్ చీటి చిన్నమ్మ చేతుల వెట్టిన. చదివి, స్టూలు ఎక్కి, గడియారానికి సెల్లు వేసింది.

"నీ గోళీకి టైము కావాలె గద," అన్నది.