గడప దాటని ఫ్రిజ్జు

ఈరోజు పొద్దున వంటింట్లో అడుగు పెట్టగానే విరిగిన పాల వాసన ముక్కుకు తగిలింది. పాత ఫ్రిజ్జు తలుపు తీసి చూస్తే, నిన్న మధ్యాహ్నం అమ్మ పెట్టిన గిన్నె అక్కడే ఉంది. ఆ ఫ్రిజ్జు పనిచేయడం మానేసి నెల దాటింది.

పుంగనూరులో మా ఇల్లు కట్టేటప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. వంటిల్లు ఎంత ఇరుకంటే, నాయన నడుమ నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందేవి. మదనపల్లె మార్కెట్లో టొమాటోలు దించి వట్టిగా తిరిగొస్తున్న టెంపోలో నాయన ఫ్రిజ్జు తెచ్చి, మూలలో నిలబెట్టించి, కుప్పం నుంచి తెప్పించిన నల్లరాళ్ళతో దానికి ఒక పక్క నిలువుగా, పైన అడ్డంగా గూడు కట్టించి, ఆ నిలువురాయి మీదే పొయ్యిగట్టు కొస ఆనించాడు. వంటింటి వాకిలి అప్పటికింకా నిలబెట్టలేదు. వాస్తు చూసే ఆయన తీరిగ్గా వచ్చి, తాడు పెట్టి కొలిచి, వాకిలి వెడల్పు ఆయం లెక్కకు కుదరలేదని, జానెడు తగ్గించమన్నాడు. ఆయం తప్పితే ఇంటికి కీడని మావాళ్ళకు భయం కదా, మారు మాట్లాడకుండా తగ్గించారు.

బేల్దారి మునెప్ప మాత్రం చేతిలో తాపీ పట్టుకుని ఫ్రిజ్జునూ వాకిలినీ మార్చి మార్చి చూశాడు.

"ఇది మళ్ళా బయటికి యాడొస్తాదన్నా?"

"కాపురానికొచ్చిన కోడలు బయటికి యాల పోతాదప్పా?" అన్నాడు నాయన.

అందరం నవ్వాం. ఇప్పుడా మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది, కానీ పోయిన మనిషి మీద కోపమెలా తెచ్చుకోను?

ఎండాకాలమొస్తే ఆ కోడలికి క్షణం తీరిక ఉండేది కాదు. గంగమ్మ జాతరకు వీధిలోవాళ్ళు తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మల్లెపూలు, ఎదురింటి పాపమ్మత్త రాగి అంబలి చెంబు, మూలింటి ముసలాయన మందుసీసా, స్టీలు గ్లాసుల్లో మేం గడ్డకట్టించుకునే నిమ్మకాయ నీళ్ళు, అన్నీ ఒకదానిమీదొకటి ఇరుక్కుని, తలుపు తీయగానే మల్లెలూ మజ్జిగా కరివేపాకూ కలిసిన చల్లటి గాలి మొహానికి కొట్టేది. వీధిలో ఆటలాడి చెమటతో వచ్చి ఆ గాలిలో తల పెట్టి నిలబడితే, అమ్మ గరిటె చూపించి తరిమేది. ఎవరి చెంబు ఎక్కడుందో ఆమెకు చూడకుండానే తెలిసేది.

ఇప్పుడు నిజంగానే చూడదు. షుగర్ రెండు కళ్ళనూ తినేసింది. అయినా వంట ఆమెదే. పొయ్యిగట్టు నల్లరాయి అంచు పట్టుకుని నడుస్తుంది, మూడు జానలకు ఉప్పు, ఐదుకు చింతపండు, రాయి అయిపోయేచోట ఫ్రిజ్జు పిడి.

కంప్రెసర్ పోయింది, ఇంత పాతదానికి సామాన్లు దొరకవని మెకానిక్ చేతులెత్తేశాడు. మునెప్ప కొడుకొచ్చి కొలిచాడు. పాతది బయటికి రావాలంటే వాకిలి పగలగొట్టాలి, గూట్లో బిగుసుకుపోయింది కాబట్టి నిలువురాయి తీయాలి, అది తీస్తే గట్టంతా కూలుతుంది.

"కొత్తది కట్టిస్తానమ్మా, ఇంతకన్నా బాగుంటాది" అన్నాను.

అమ్మ రాయి మీద చెయ్యి తీయలేదు. "ఇది పగలగొడితే నేనేం పట్టుకోని నడవల్ల? కొత్తది నేర్సుకునే వయసా నాది? పొయ్యికాడికి గూడా రాకుండా మూల కూసోబెడతావా?"

గట్టు జోలికి పోలేదు. కొత్త ఫ్రిజ్జు కొని హాల్లో పెట్టించాను. అమ్మ రెండుసార్లు దాని దాకా వెళ్ళబోయి, పట్టుకోవడానికేమీ లేక నడుమ ఆగిపోయింది. తర్వాత నాకు చెప్పకుండా పాలూ పెరుగూ మళ్ళీ పాతదాంట్లోనే పెట్టసాగింది. అలవాటు కొద్దీ మరిచిపోతోందనుకున్నాను. ఆమె నడుం వాల్చగానే గిన్నెలు హాల్లోకి మార్చి, వంటవేళకు మళ్ళీ తెచ్చి పెట్టేదాన్ని. నిన్న పనిలోపడి మరిచిపోయాను.

పాపమ్మత్త లేదు, ఆ మల్లెపూలు లేవు, వీధిలో ఇంటింటికీ ఫ్రిజ్జుంది. మా వంటింట్లో మాత్రం పనిచేసేది లేదు.

పాలు పారబోస్తుంటే అమ్మ రాయి పట్టుకుని నా పక్కకొచ్చింది.

"నిన్న మార్సలేదామ్మా?" అంది. "పోనీలే. దినామూ నువ్వు మాత్రం ఎన్నిసార్లని తిరుగుతావు."