మజ్జిగలో డి విటమిన్

అది 2008 వేసవి. నేను ఏలూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మా డాక్టరు గారు నరాల జబ్బులు చూసేవారు కాబట్టి కొల్లేటి లంకల నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ పార్కిన్సన్స్ రోగులు వస్తుండేవారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోయి చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, నడక మందగించడం ఈ జబ్బు లక్షణాలు.

వాళ్ళలో ఒకరైన వెంకటరత్నం గారు తాడేపల్లిగూడెం దగ్గర ఒక కోళ్ళఫారంలో సూపర్‌వైజరు. ఆయనకి జబ్బు కంటే ఉద్యోగం పోతుందన్న బెంగే ఎక్కువ. "ట్రేలో గుడ్లు పెడుతుంటే చెయ్యి వణికి పగిలిపోతున్నాయండీ" అని నవ్వుతూనే చెప్పేవారు గానీ, ఆ నవ్వు చూస్తే నాకు జాలేసేది.

ఆ డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్రలు వాడుతూనే ఉన్నారు. రక్తపరీక్షలో డి విటమిన్ బాగా తక్కువని వచ్చింది. "ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఇది తక్కువే ఉంటోందండీ" అంటూ డాక్టరు గారు వారానికో పొడి ప్యాకెట్ పాలలో కలుపుకోమని రాశారు. వెంకటరత్నం గారి ముఖం వెలిగిపోయింది. జబ్బుకి మూలం దొరికిందనుకున్నారు కాబోలు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆయన్ని కారులోంచి మోసుకొచ్చారు. నాలుక ఎండిపోయింది. ఆగకుండా వాంతులు. నన్ను చూసి, "షెడ్డులో నీళ్ళు పెట్టారా?" అని అడిగారు. పక్కనున్న భార్య సరోజిని గారిని గుర్తుపట్టలేదు.

జబ్బు ముదిరిందా, మాత్రల మోతాదు ఎక్కువైందా అని డాక్టరు గారు ఆలోచిస్తున్నారు. మానిటర్‌లో గుండె లయ తప్పుతోంది. ఎన్నో కేసులు చూసినదాన్నే, అయినా కారణం తెలియకుండా మనిషి కళ్ళముందే జారిపోతుంటే కలిగే భయం వేరు.

"పొడి సరిగ్గానే ఇస్తున్నారా అమ్మా?" అని సరోజిని గారిని అడిగాను.

"పొడి ఎందుకులే అన్నారండీ ఈయన. ఫారంలో డి విటమిన్ మందు డబ్బాలకి డబ్బాలుంటాయి కదండీ. గుడ్డు పెంకు పల్చబడితే కోళ్ళకి నీళ్ళలో కలిపేది. రోజూ పొద్దున్నే మజ్జిగలో ఇమ్మన్నారు. ఇస్తున్నానండీ."

పరుగున వెళ్ళి డాక్టరు గారికి చెప్పాను. వందల కోళ్ళ నీళ్ళలో కలిపే చిక్కటి మందు అది. డాక్టరు గారు వెంటనే కాల్షియం పరీక్ష చేయించారు. డి విటమిన్ అతిగా ఒంట్లో చేరితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి మెదడునీ కిడ్నీలనీ గుండెనీ కూడా దెబ్బతీస్తుంది. రిపోర్టు చూసి డాక్టరు గారి ముఖం పాలిపోయింది. సెలైన్లు, ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. ఆ రెండ్రోజులూ వెంకటరత్నం గారి మంచం దగ్గరికి వెళ్ళాలంటేనే నాకు భయంగా ఉండేది.

బతికారు. తెలివొచ్చాక మొదట అడిగింది చేతి గురించే. "కోళ్ళకైతే పెంకు ఇట్టే గట్టిపడిపోతుందండీ. నాకెందుకు వణుకు తగ్గలేదు?"

"డి విటమిన్ తగ్గి జబ్బొచ్చిందో, జబ్బొచ్చి ఎండకి వెళ్ళక అది తగ్గిందో ఇంకా తేలలేదండీ. అది ఎముకలకి బలం. వణుక్కి మందు మీ మాత్రలే" అన్నారు డాక్టరు గారు. వెంకటరత్నం గారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

డిశ్చార్జి రోజున లెవోడోపా మాత్ర సరోజిని గారికి అందించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మీరే వెయ్యండి సిస్టర్ గారూ. ఆ మజ్జిగ రోజూ నా చేత్తోనే ఇచ్చానండీ."

ఎంత వెయ్యాలో మేము ఆయనకి చెప్పాం. ఎక్కువైతే ఏమవుతుందో ఈవిడకి చెప్పినవాళ్ళు లేరు. అందుకే అప్పటినుంచి ఇంట్లో మందిచ్చే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండూ చెబుతున్నాను. ఆ రోజు కూడా ఆవిడకి నిదానంగా అన్నీ చెప్పి, మాత్ర మళ్ళీ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని భర్త నోటిదాకా తీసుకెళ్ళారు. ఆయన కంటే ఎక్కువగా ఆవిడ చెయ్యే వణికింది.