వాల్టర్ గారు నా మీద కట్టిన పాట

2023 ఫిబ్రవరి, రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. ఢిల్లీలో వసంత్ కుంజ్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రి, ఎముకల వార్డు. అక్కడ నేను పంతొమ్మిదేళ్లు ఆయాగా చేశాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే, మంచాల దగ్గర పేర్లు చదవడానికి.

ఆ రోజు నా పేషెంటు వాల్టర్ గారు, డెబ్భై ఎనిమిదేళ్ల అమెరికా ఆయన. బడిపంతులుగా మొదలుపెట్టి, తర్వాత గిటారు పట్టుకుని, వాళ్ల ప్రెసిడెంట్లనూ పాస్టర్లనూ వెక్కిరిస్తూ పాటలు కట్టి నలభై ఏళ్లు బతికాడట. ఒకసారి రేడియోవాళ్లు ఆయన పాటను మధ్యలో ఆపేశారట. దాంతోనే పేరొచ్చిందట. ఢిల్లీలో పాడటానికి వచ్చి, స్టేజీ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇదంతా మా తెనాలి పిల్ల సునీత సిస్టర్ ఆయన్ని అడిగి నాకు చెప్పింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగు రోజులైనా ఆయన మాత్రం లేవలేదు. ఆ వయసులో లేవకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అప్పటికే దగ్గు మొదలైంది. ఇవాళ నిలబెట్టి తీరాలని డాక్టర్ తనేజా గారు చెప్పి వెళ్లారు. ఫిజియో కపిల్ భయ్యా వాకర్ తెచ్చి బతిమాలాడు. ఆయన గోడవైపు తిరిగాడు.

నాకో అలవాటుంది. పేషెంటుకు ఇష్టమైన వస్తువును, కళ్లజోడో ఫోనో, మంచానికి నాలుగడుగుల దూరంలో పెడతాను. పొద్దున్నే ఆయన గిటారు తీసి కిటికీ దగ్గర కుర్చీలో పెట్టాను. చూశాడు, కదల్లేదు. ఎందుకు లేవడో అడగమన్నాను సునీతను.

“ఎవరి మీద పాడాడో వాళ్లంతా చచ్చిపోయారట ఆంటీ. ఆ పేర్లు చెబితే ఇప్పుడెవరూ నవ్వట్లేదట. ఇంక లేచి ఏం చేయాలంటున్నాడు.”

“నేను బతికే ఉన్నానుగా. నా మీద పాడమను. పడుకుని మాత్రం కాదు. మంచంలో పడుకుని తిట్టేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నా.”

సునీత జంకింది. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. విని ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కాళ్లు కిందికి దించాడు.

వాకర్ పట్టుకుని నాలుగడుగులూ వేశాడు. అక్కడే చిక్కొచ్చింది. వాకర్‌కు రెండు చేతులూ కావాలి, గిటారుకూ రెండూ కావాలి. కపిల్ కూర్చోమంటే ఆయన వినలేదు. గెయిట్ బెల్ట్ అని, నడుముకు కట్టి వెనక నుంచి పట్టుకునే పట్టీ ఒకటుంటుంది. అది ఆయనకు కట్టి, రెండు చేతులా బిగించి పట్టుకుని, పాడు సార్ అన్నాను.

ఆయన వాకర్ వదిలి గిటారు అందుకున్నాడు. గుర్రాన్ని కూడా ఇంత బిగించి పట్టరు. ప్రెసిడెంట్లు నన్ను కూర్చోబెట్టలేకపోయారు, ఈ మేడమ్ నన్ను పడుకోనివ్వడం లేదు. అదీ పాట, సునీత చెప్పినంతవరకు. రెండో చరణం పేషెంటు మొహం చూడకుండా ఫైలుతో మాట్లాడే డాక్టరు మీద. అప్పటికే తనేజా గారు గుమ్మంలో ఉన్నారు, ఫైలు తెరుచుకుని. ఆయన ఫైలు మూసి చంకలో పెట్టుకుని, మళ్లీ పాడమన్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వితే పట్టు సడలుతుంది. పెదవి కొరుక్కుని పట్టుకున్నాను.

వస్తువును దూరంగా పెట్టడమే పనితనం అనుకునేదాన్ని. కొందరికి మనిషి కావాలి, వెక్కిరిస్తే పడే మనిషి. అప్పటినుంచి మొండి పేషెంటు వస్తే ముందు నన్ను తిట్టుకోనిచ్చేదాన్ని.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లం: వాల్టర్ గారు, సునీత సిస్టర్, ఫిజియో కపిల్, డాక్టర్ తనేజా గారు, బెల్టు పట్టుకుని నేను, మరియమ్మ.