పిన్నిగారి ఆకుపచ్చ చీటీ

మా లైబ్రరీలో అందరూ ఆవిణ్ణి పిన్నిగారు అనేవారు. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. అరవై దాటిన మనిషి. వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుని చిరిగిపోయిన పిల్లల పుస్తకాలు కుట్టి, జిగురు రాసి, అట్టలు వేసేవారు. ముప్ఫై ఏళ్ళు అదే పని. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అని సూదిలో దారం ఎక్కించుకునేవారు.

నేను ఆవిడకి సహాయకురాలిగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. నాకు నోరెక్కువ, బద్ధకం అంతకంటే ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, నా గురించి మీకు లేనిపోని భ్రమలుండవు.

శనివారం పొద్దున పెద్దగదిలో నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలకి సినిమా వేస్తాం. తల్లులు పిల్లల్ని వదిలిపెట్టి పనులకి పోతారు. లోపలికి తొంగి కూడా చూడరు, తలుపు మీద అంటించిన చీటీ రంగు చూస్తారంతే. ఆకుపచ్చ అయితే నిశ్చింతగా వదలచ్చు. పసుపు అయితే పిల్ల పక్కన కూర్చోవాలి. ఎరుపు చీటీ పడ్డ సినిమా ఆ గదిలోకే రాదు.

ఆ రంగు తేల్చేది పిన్నిగారు. బొమ్మల సినిమాల్లో కొట్లాటలు ఎక్కువయ్యాక, ఏది చూపించాలో ఏది మానాలో తెలియక తల పట్టుకున్న మా లైబ్రేరియన్ సారు ఆ పని ఆవిడకి అప్పగించారు. పిల్లలు దేనికి జడుసుకుంటారో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"కత్తులూ రాక్షసులూ ఉన్న పేజీలు నలిగిపోతాయమ్మాయ్, అంత ఇష్టంగా చూస్తారు" అని నాకోసారి చెప్పారు. "భయం వేసిన పేజీని మాత్రం జిగురు పెట్టి పక్క పేజీకి అంటించేస్తారు. నేను మెల్లగా విడదీసి చూస్తే ఏముంటుందో తెలుసా? గుమ్మం దాటి వెళ్ళిపోతున్న అమ్మ వీపు."

ఆవిడ ప్రతి సినిమానీ రెండుసార్లు పరీక్షించేవారు. ఒకసారి సౌండు తీసేసి బొమ్మ మాత్రమే చూడడం. ఇంకోసారి కళ్ళు మూసుకుని సౌండు మాత్రమే వినడం. "భయపడ్డ పిల్లల్లో కొంతమంది కళ్ళు మూసుకుంటారు, కొంతమంది చెవులు మూసుకుంటారు. ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలిగా మనం" అనేవారు. చీటీ కింద 'చూసినవారు', 'విన్నవారు' అని రెండు గీతలుండేవి. రెండింటి మీదా ఆవిడ సంతకమే. నేను ఇదంతా నా స్నేహితురాళ్ళకి అభినయించి చూపించి, కడుపుబ్బ నవ్వించేదాన్ని.

అంతలో ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. రెండు వారాలు తెర వంక చూడకూడదన్నారు డాక్టరు. సరిగ్గా అప్పుడే పిల్లలందరూ కలవరిస్తున్న సినిమా ఒకటి మా చేతికొచ్చింది. రెక్కల కవచం తొడుక్కున్న చిన్నపిల్ల మరమనుషులతో యుద్ధం చేసే సినిమా. వీధిలో ఎవరి బడిసంచీ చూసినా ఆ పిల్ల బొమ్మే.

"ఈసారికి వినడం నాది, చూడడం నీది" అన్నారు పిన్నిగారు. "దెబ్బలు లెక్కపెట్టకు. ముఖాలు చూడు. ముఖం మారిన చోటల్లా రాసుకో."

"అలాగే పిన్నిగారూ" అన్నాను బుద్ధిగా.

మధ్యాహ్నం వెనకగది తలుపు వేసుకున్నాను. టీవీ పెట్టనైనా పెట్టలేదు. సినిమా డబ్బా వెనక 'ఇంటిల్లిపాదికీ వినోదం' అని అచ్చువేసి ఉంటే అది చదివి, బల్ల మీద తల వాల్చి హాయిగా నిద్రపోయాను. మూడింటికి బయటికొచ్చి, "జడుసుకునేదేం లేదండీ, అన్నీ ఎగరడాలూ దూకడాలే" అన్నాను.

ఆవిడ సంబరపడిపోయారు. "పొద్దున నేను విన్నప్పుడూ అంతేనమ్మా. ఒకచోట తల్లి జోల కూడా పాడుతుంది, ఎంత బాగుందో!" అంటూ ఆకుపచ్చ కాగితం తీశారు. "చూసినవారు అన్నచోట నువ్వు పెట్టు సంతకం."

"మీ పేరే ఉండనివ్వండి. మీ పేరుంటేనే తల్లులు నమ్ముతారు" అన్నాను. గౌరవం కొద్దీ అన్నాననుకున్నారు. ఒక కంటికి కట్టుతోనే, గీత ఎక్కడుందో వేలితో తడుముకుని, రెండుచోట్లా ఆవిడే సంతకం చేశారు.

సోమవారం ఒక తల్లి వచ్చింది. కార్లకి రంగులు కొట్టే షెడ్డులో పని ఆవిడకి. రంగు పీల్చకుండా ముఖమంతా కప్పే ముసుగు పెట్టుకుని పనిచేస్తుంది. దవడల కింద ఎర్రగా గోళ్ళ గీతలు.

"శనివారం సినిమా అయ్యాక మా అమ్మ పాపని షెడ్డు దగ్గరికి తీసుకొచ్చింది" అంది. "నేను ముసుగు తీశాను. అంతే, పిల్ల గుక్కపట్టేసింది. అప్పట్నుంచీ నా చేతి ముద్ద తినట్లేదు. దగ్గరికి తీసుకుంటే నా దవడ కింద గీరి చూస్తోంది, ముఖం ఊడొస్తుందేమోనని! ఏం చూపించారు మీరు నా పిల్లకి?"

సారు అక్కడికక్కడే సినిమా పెట్టించారు. నేనప్పుడే చూశాను, మొదటిసారి. తల్లి ఉయ్యాల ఊపుతూ జోల పాడుతోంది. పాడుతూ పాడుతూ, డబ్బా మూత తీసినట్టు తన ముఖం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అక్కడ చీకటి గొయ్యి, నాలుగు తీగలు. పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. దాన్ని విని ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. ఒక్క నిమిషం చూస్తే చాలు, ఎవరైనా కనిపెడతారు.

"గుడ్డివాళ్ళ చేత పరీక్ష చేయిస్తారా సినిమాలు?" అని ఆ తల్లి పిన్నిగారి కట్టు వంక చూసి అరిచింది. గదిలో అందరూ విన్నారు.

పిన్నిగారు లేచి నిలబడ్డారు. "చీటీ నాది, సంతకం నాది, తప్పూ నాదేనమ్మా" అన్నారు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. అలమరలో పుస్తకాలు సర్దుతున్నట్టు నటించాను. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

సాయంత్రం ఆవిడ సూదులూ దారపు ఉండా కత్తెరా సంచీలో వేసుకుంటూ, నెమ్మదిగా అడిగారు. "అమ్మాయ్, ఆ ముక్క నువ్వు చూశావుగా?"

"చూశానండీ. నాకంత భయమనిపించలేదు."

"నీకెలా అనిపిస్తుంది, చిన్నదానివి. నీ నెత్తిన పెట్టడం నా పొరపాటు. ఏమనుకోకమ్మా" అన్నారు. అబద్ధం చెప్పింది నేను, ఏమనుకోవద్దన్నది ఆవిడ. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఊరికే వాగే నోరు అవసరానికి పెగల్లేదు.

మర్నాటి నుంచి ఆవిడ పనిలోకి రాలేదు. చీటీల పని నాకిచ్చారు. ఆ మూడు వారాలూ ప్రతి సినిమానీ రెండుసార్లు పరీక్షించాను, ఒకసారి కళ్ళతో, ఒకసారి చెవులతో. అంత చేసినా నా సంతకం నాకే వెగటుగా కనిపించేది. మూడో శనివారం తలుపు దగ్గర ఒకావిడ నా చీటీ చూసి, పక్కావిడతో అంది: "ఆ ముసలావిణ్ణి పంపేశారట, కళ్ళు కనబడకపోయినా చీటీలు రాసేసేదట." ఇద్దరూ నవ్వుకున్నారు. ఇక నావల్ల కాలేదు.

ఆ తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ గోడకి చేరగిలబడి కూలబడిపోయింది.

"రెండు ఆదివారాలు వచ్చింది ఆ పెద్దావిడ, పాపకి తను కుట్టిన బొమ్మల పుస్తకాలు పట్టుకుని. నేను తలుపు తియ్యలేదు. లోపల్నుంచే నానా మాటలూ అన్నాను" అని నా వంక చూసింది. "నీ బదులు ఆవిణ్ణన్నాను. పద, ఇప్పుడే పద."

ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే గానీ పిన్నిగారి ఇల్లెక్కడో నాకు తెలియలేదు. మేడ మీద ఒంటిగది. కట్టు తీసేశారు, కళ్ళజోడు కొత్తది. ఆ తల్లి ఆవిడ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే, నేను చెప్పాల్సింది చెప్పాను.

పిన్నిగారు అంతా విన్నారు. "ఎంతవరకు చూశావు? ఎక్కడ ఆపేశావు?" అని అడిగారు. కొంతైనా చూసి ఉంటానని ఇంకా అనుకుంటున్నారు ఆవిడ.

"అసలు పెట్టనే లేదండీ. నిద్రపోయాను."

ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పాప అన్నం తింటోందా, నీ దగ్గర పడుకుంటోందా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, నన్ను లోపలికి రమ్మనలేదు.

చాలాసేపటికి నా వంక తిరిగారు. "నువ్వు వెళ్ళమ్మా" అన్నారు. "వచ్చే శనివారం మళ్ళీ పిల్లలొస్తారు. వెళ్ళి సినిమా చూడు."