వెర్నా కట్టిన వెల

వెర్నా పావ్లక్ నోటికి కెనడాలోని యార్క్‌టన్ ఊరంతా జడుస్తుంది. ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. మంచు మీది హాకీ ఆడటానికి ఊరుకాని ఊరొచ్చే కుర్రాళ్ళకు ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టడం అక్కడి రివాజు. అలా ఆమె ఇంటి కింది గదిలో రెండేళ్ళు కలిసి పెరిగినవాళ్ళు కోల్బీ, రీడ్. సొంత పిల్లలు లేని వెర్నాను ఇద్దరూ అమ్మా అనే పిలిచేవారు. తర్వాత ఇద్దరూ ఒకే పెద్ద జట్టులో చేరారు. కోల్బీ గోల్స్ కొట్టే మొనగాడు. రీడ్ గోలుకు అడ్డంపడి పళ్ళు రాలగొట్టుకునే రకం.

ఏ ఆటగాడికి ఎంత జీతం న్యాయమో తేల్చడంలో తనను మించినవాళ్ళు లేరని వెర్నా నమ్మకం. కాఫీ కొట్టులో ముసలాళ్ళు "ఇరవై రెండేళ్ళ వెధవకు అంతా?" అని కుళ్ళుకుంటే, "మీరు ఇరవై రెండేళ్ళప్పుడు ఏం పొడిచారు?" అని వాళ్ళ నోళ్ళు మూయించేది.

జూన్‌లో కోల్బీ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఏడాదికి ఎనభై అయిదు లక్షల డాలర్లు అడగమంటున్నాడు నా ఏజెంటు. జట్టు మొత్తం జీతాలకు లీగ్ గీసిన గీత ఉందిగా, అది దాటకూడదు. నేను డెబ్బైకి ఒప్పుకుంటే ఆ మిగిలినదాంతో ఇంకొకడు జట్టులో ఉంటాడు."

వెర్నా అతని ఈడువాళ్ళ గోల్స్, జీతాలు గబగబా పోల్చి చూసింది.

"ఎనభై అయిదు న్యాయమేరా. రేపు నీ మోకాలు పోతే ఆ ఇంకొకడొచ్చి కూడు పెడతాడా? అడుగు."

ఆ ఇంకొకడెవడని ఆమె అడగలేదు. వాడూ చెప్పలేదు. ఎంత తెలివైన వెధవో చూడండి.

కోల్బీ సంతకం పెట్టిన వారానికి రీడ్‌ను వదిలించుకున్నారు. కావాలంటే తీసుకోండని మిగతా జట్లన్నిటికీ చెబితే ఒక్కరూ తీసుకోలేదు.

ఆగస్టులో రీడ్ ఒక్కడే వచ్చాడు. వెర్నా బంగాళాదుంప కూరిన పెరోగీలు వేయించి ముందు పెట్టింది. వాడు ముట్టలేదు.

"నువ్వే అడగమన్నావట. కోల్బీ చెప్పాడు."

"నీ పేరెత్తలేదురా వాడు!"

"ఎత్తితే ఏం చెప్పేదానివి?"

ఒక్క అబద్ధం చాలు, పిల్లవాడు దక్కుతాడు. కానీ ఆట విషయంలో ఆమెకు అబద్ధం నోట రాదు.

"అదే చెప్పేదాన్ని. వాడి వెల అంతే."

రీడ్ తలూపాడు. "మరి నా వెలెంతమ్మా?"

ఆ గొంతులో ఆశ ఆమెకు వినబడింది. ఇంకో జట్టేదో పిలుస్తుందని ఆమె నోటితో వినాలని వచ్చాడు, పాపం. వెర్నా వాడి మోకాలికున్న పట్టీ వైపు, నడుం వంగిన తీరు వైపు చూసింది.

"కనీస జీతం," అంది. "అదీ ఒక్క ఏడాదికి. ఇచ్చేవాళ్ళుంటే."

వాడు లేచి బూట్లు తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, పరాయి ఇంటి నుంచి సెలవు తీసుకునేవాడిలా మర్యాదగా అన్నాడు:

"మీకు శ్రమ ఇచ్చాను, మిసెస్ పావ్లక్."