రెండో చప్పుడు తర్వాత ఊపిరి

ప్రతి శుక్రవారం నా ఫోనుకు ఒక జాబితా వస్తుంది. రాబోయే రికార్డుల జాబితా. బెంగళూరులో పాత ఎల్పీ రికార్డులను మళ్లీ అచ్చుపోసి అమ్మే చిన్న కంపెనీ ఒకటి ఉంది. అందులో పనిచేసే అమ్మాయి పంపుతుంది. గిటారు పట్టుకుని గుర్రాల గురించీ రైళ్ల గురించీ పాడుకునే దొరల రికార్డులు, ఎప్పుడో విడిపోయిన రాక్ బృందం రికార్డుకు రెండు పాటలు చేర్చి వేసిన కొత్త అచ్చు, ఎక్కడిదో కొండజాతి డప్పులు. ఒక్కోదాని కింద నాలుగు వాక్యాల పొగడ్త. ఆ పొగడ్తలు చదివితే నాకు నవ్వొస్తుంది. మట్టి వాసన అంటారు, మూలాలు అంటారు. మట్టిలో పనిచేసినవాళ్లెవరూ దాని వాసన గురించి మాట్లాడగా నేను వినలేదు.

అయినా చదువుతాను. పొద్దున వండుకున్నదే మధ్యాహ్నం తిని, ఫ్యాను కింద కూర్చుంటే చదవడానికి అదొక్కటి ఉంటుంది. మాకు పిల్లల్లేరు. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరే, అదీ మూడు మాటలకు మించి మాట్లాడదు.

ఆ జాబితా అడుగున కొన్ని వారాలుగా ఒక పేరు ఉంటోంది. కడప జిల్లా కలుపు పాటలు, ఆరు పాటలు, త్వరలో. ఆ రికార్డులో మొదటి పక్క మూడు పాటలు పాడింది మా ఆవిడ.

నాకు ప్రొద్దుటూరులో మైకుసెట్టు దుకాణం ఉండేది. రెండు యాంప్లిఫయర్లు, నాలుగు హారన్లు, రికార్డు ప్లేయరు, అన్నీ ఎక్కించుకునే జీపు. పెళ్లి, ఉరుసు, గుడ్‌ఫ్రైడే, సినిమా విడుదల, ఏదైనా కట్టేవాడిని. ఎన్నికలొస్తే పార్టీలకు కట్టేవాడిని. ఇక్కడ పార్టీలంటే పేరుకే పార్టీలు, ఊళ్లో ఉండేది ఆ ఇల్లూ ఈ ఇల్లూ. ఈ ఇంటివాడు ఆ జెండా పట్టుకుంటే ఆ ఇంటివాడు ఈ జెండా పట్టుకునేవాడు. రేపు జెండాలు మారినా ఇళ్లు మారవు.

ఆ రోజుల్లో మైకువాళ్లకు కొన్ని పద్ధతులుండేవి. ఏ ఊళ్లో మైకు పెట్టినా మొదటి రికార్డు భక్తిపాటే వెయ్యాలి. అది దేవుడి కోసం కాదు. వచ్చింది మైకువాడే, వేరెవరూ కాదని రెండు వీధులకూ తెలియడానికి. హారను మూతి ఎప్పుడూ అవతలివాళ్ల వీధికి తిప్పకూడదు. అన్నిటికంటే పెద్ద పద్ధతి, ఒకరికి కడితే రెండోవారికీ కట్టాలి. ఒకరికి కట్టి ఇంకొకరికి కట్టనంటే ఆ క్షణం నుంచి నువ్వు మైకువాడివి కాదు, మొదటివారి మనిషివి.

ఇంకొకటి కూడా చెప్పాలి. దూరంగా ఢామ్మని చప్పుడు వినిపిస్తే వేరే ఊళ్లవాళ్లు ‘ఏమిటది’ అంటారు. మావాళ్లు అలా అడగరు. అదేమిటో అందరికీ తెలుసు. ‘యాపక్క?’ అని అడుగుతారు. ఏ పక్క అని తెలిస్తే ఆ పక్కకు పోయిన తమవాళ్లెవరో మనసులో లెక్క చూసుకుని, ఎవరూ లేకపోతే మళ్లీ పనిలో పడతారు. నాటుబాంబుకు మేం ఇచ్చే మర్యాద అంతే.

మా ఆవిడది జమ్మలమడుగు. మిషన్ బడి వెనక పేటలో పుట్టింది. ఆదివారం చర్చిలో పాడేది, మిగతా రోజులు వాళ్లమ్మతో కలుపుకు పోయి అక్కడా పాడేది. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక ఆ రెండోది మానేసింది. మాటలు తక్కువ మనిషి. నాకేమో నోరెక్కువ. అందుకే కాపురం సాగిందని మా చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు.

ఎన్నికలొచ్చిన ఒక ఎండాకాలంలో మద్రాసు నుంచి ఒకాయన టేపు మిషను తీసుకుని వచ్చాడు. పల్లెపాటలు రికార్డు చేసి ఎల్పీ తెస్తారట. జమ్మలమడుగులో ప్రార్థన హాలు అడిగి తీసుకున్నారు. కలుపు పాటలు ఎవరు బాగా పాడతారంటే పేటలో అందరూ మా ఆవిడ పేరే చెప్పారు. పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా ఆరు పాటలు పాడాలి. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. పెట్టెలోంచి పెళ్లినాటి చీర తీసి, రికార్డులో చీర కనపడదని నేను నవ్వితే మళ్లీ మడిచి లోపల పెట్టేసింది.

అదే రోజు మైలవరం దారిలో ఒక ఊళ్లో మీటింగు ఉంది. నన్ను కట్టమన్నారు.

“ఈ ఒక్క దినం పోవాకు,” అంది పొద్దున్నే. “ఆ మద్రాసాయప్పకు నువ్వే స్టాండు నిలబెట్టియ్యి. నేను పాడతాంటే ఆడుండు.”

“పోయిన వారం ఆళ్లకు కట్టినా. ఈ వారం ఈళ్లకు కట్టకపోతే నేను ఆళ్ల మనిషినయిపోతా. నీకు తెలీదా ఏంది?”

“ఆ ఊరు మంచిది కాదు.”

“మంచి ఊరు యాడుందో చెప్పు, ఆడికే పోతా.”

ఆమె కొంగు దోపుకుని లేచింది. “పోతే పో. పాడేదానికి నువ్వేం అక్కర్లే.”

నాకు కోపం వచ్చింది. మైకు స్టాండును మా దుకాణం పేరు రాసిన పెట్టెతో సహా బస్సులో ఆమె పక్కన పెట్టి జీపెక్కాను.

ఆ ఊళ్లో భక్తిపాట వేశాను, తర్వాత పార్టీ పాట వేశాను. నాయకుడు మాట్లాడుతుండగా ఊరి పక్క ఎండిన వంక అవతల మొదటి బాంబు పడింది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. రెండోది పడేసరికి వేదిక మీద ఎవరూ లేరు. నేను యాంప్లిఫయర్ను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బల్ల కింద కూర్చున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు, బెదిరించడానికి వేసినవట. అంతా సద్దుమణిగాక పోలీసులు వచ్చి, ఎవరు వేశారని నన్నే అడిగారు. వాళ్లకు నేనొక్కడినే పరిగెత్తకుండా దొరికాను.

ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా గుంకలేదు. మా ఆవిడ అప్పటికే వచ్చి వంట చేస్తోంది. నన్ను ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

“బాంబులు పడినాయి,” అన్నాను.

“ఇన్నా,” అంది. “కాళ్లు కడుక్కోనిరా, తిందువు.”

అంతే. దెబ్బ తగిలిందా అనలేదు. నేను చచ్చి బతికి వస్తే ఒక్క మాట అడగలేదే అని కంచం ముందు విసురుగా కూర్చున్నాను. పైగా కూర ఉప్పుకషాయం. అంత ఉప్పగా ఆమె ఎప్పుడూ వండలేదు. కావాలనే వేసిందనుకున్నాను. వారం రోజులు ఇద్దరం ముభావంగా ఉన్నాం.

కొన్ని నెలలకు రికార్డు వచ్చింది. అట్ట మీద ఎవరి పేరూ లేదు, బృందం అని మాత్రం ఉంది. మొదటి పక్క మూడు పాటలూ ఆమె గొంతే. రెండో పక్క తిప్పితే వేరే ఆవిడ పాడుతోంది.

“ఇదేంది, సగమేనా?” అన్నాను.

“గొంతు పట్టేసింది.”

ఆ తర్వాత ఎవరింటికి వచ్చినా రికార్డు వేసి, మా ఆవిడ సగం గాయని అని చెప్పేవాడిని. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

మూడో పాటలోనే ఉంది ఆ రోజు పడిన బాంబుల చప్పుడు. నీళ్లకుండ తెచ్చే చెల్లెల్ని తొందరగా రమ్మని పిలిచే పాట. రెండో చరణం మధ్యలో దూరంగా రెండు దెబ్బలు వినిపిస్తాయి. వంత పాడే ఆడవాళ్లు ఆగకుండా పాడుతూనే ఉంటారు. మా ఆవిడ మాత్రం, రెండో చప్పుడు తర్వాత, ఊపిరి తీసుకోకూడని చోట ఊపిరి తీసుకుంటుంది. పదం సగంలో తెగుతుంది. వెంటనే అందుకుని పాట పూర్తి చేస్తుంది.

ఆ ఊపిరి నా కోసమేనా? ఈ ఒక్క సంగతి నాకు తెలియాలి. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ముల్లును అక్కడే పెట్టి పెట్టి వినేవాడిని. ఒకసారి అడిగాను కూడా. “ఊపిరి సాల్లేదు, తీసుకున్నా,” అని బియ్యం చెరగడానికి పోయింది. ఇంకోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాత ఆ రికార్డును నేనే పాడుచేశాను. పులివెందులలో ఒక పెళ్లికి కట్టడానికి పోయి, మిట్టమధ్యాహ్నం జీపు బానెట్ మీద మరిచిపోయాను. వచ్చి చూస్తే అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది. మైకువాడు చెయ్యకూడని తప్పు అది. ఇంకొకటి కొందామంటే కంపెనీ మూతపడింది. వేంపల్లెలో ఒక దుకాణంలో ఉందంటే పోయి అడిగాను, అక్కడా లేదు. క్యాసెట్లొచ్చాయి, పోయాయి. నా దుకాణమూ పోయింది. మా ఆవిడ ఒక చలికాలంలో వారం రోజులు జ్వరపడి పోయింది. సమాధి దగ్గర అందరూ పాడుతుంటే నాకు ఆ ఊపిరే జ్ఞాపకం వచ్చింది. అదీ నా దగ్గర లేదు.

పోయిన సంవత్సరం ఆ బెంగళూరు అమ్మాయి ఫోను చేసింది. మద్రాసాయన పాత సామానులో అసలు టేపు దొరికిందట. టేపు డబ్బా మీద, స్టాండు అరువిచ్చినవారు అని మా దుకాణం పేరు, వీధి ఉన్నాయట. ఇప్పుడు అక్కడున్న సెల్‌ఫోన్ల దుకాణం వాళ్లు నా నంబరు ఇచ్చారు. అప్పటినుంచే ఆ శుక్రవారం జాబితా కూడా వస్తోంది.

“మూడో పాటలో డ్రమ్ ఎవరు వాయించారు అంకుల్? రెండే రెండు దెబ్బలు. చాలా బాగుంది. దాని గురించి ప్రత్యేకంగా రాయాలనుకుంటున్నాం,” అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఎన్ని రోజులైందో అలా నవ్వి. “డ్రమ్ము కాదమ్మా, నాటుబాంబులు,” అన్నాను. నిజంగా బాంబులా అని రెండుసార్లు అడిగింది.

రెండు వారాలకు శుభ్రం చేసిన పాటలు ఫోనులో పంపింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. అద్దంలా ఉంది గొంతు. మూడో పాట వచ్చింది, రెండో చరణం వచ్చింది, దాటిపోయింది. బాంబులు లేవు. ఊపిరి కూడా లేదు. తెగిన పదాన్ని కూడా మిషనుతో అతికించారు.

వెంటనే ఫోను చేశాను. “ఎవరడిగినారమ్మా నిన్ను ఆ పని చేయమని? మా ఆమె ఊపిరి తీసేసినావే!” ఆ పిల్ల బెదిరిపోయింది. మీరు చెప్పాక అది వింటే జనానికి బాధగా ఉంటుందని తీసేశామంది. నా నోరే నా కొంప ముంచింది. డ్రమ్మేనని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు ఆ పిల్లకు అన్నీ చెప్పాను. మీటింగు, ఉప్పు కూర, సగం గాయని, అన్నీ. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు. చెబుతుంటే సిగ్గేసింది.

“అసలు టేపు మళ్లీ మొదటినుంచీ వింటాను అంకుల్,” అంది.

మరుసటి శుక్రవారం జాబితా రాలేదు. మధ్యాహ్నం ఒక్క పాట వచ్చింది. మూడో పాట. రెండు బాంబులూ ఉన్నాయి. ఊపిరి ఉంది. పాట అయిపోయింది. రికార్డులో అయితే అక్కడితో ముల్లు లేచిపోతుంది. టేపు మాత్రం ఆగలేదు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మైకుకు బాగా దగ్గరగా, మా ఆవిడ.

“ఆ చప్పుడు యాపక్కమ్మే?”

“మైలవరం పక్క,” అని దూరంనుంచి ఎవరో అన్నారు.

“మా ఆయప్ప ఆపక్కే పోయినాడు.”

“ఏం కాదులేమ్మే. కూచో.”

మద్రాసాయన ఇంకా మూడు పాటలున్నాయమ్మా అంటున్నాడు. “నావల్ల కాదప్పా. ఆయమ్మతో పాడిచ్చుకో. నేను పోవాల,” అంది. చెప్పుల చప్పుడు తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర ఇంకొక మాట, సగమే వినిపిస్తుంది. “పొద్దున్నే పోతే పో అంటి గదమ్మే...”

ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ దాకా పాడవలసిన మనిషి నాకంటే ముందే ఇంట్లో ఎలా ఉందో నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను తిరిగివచ్చానో లేదో చూడడానికి వచ్చి, నేను లేకపోతే, ఏం చెయ్యాలో తోచక పొయ్యి ముట్టించింది. ఆ కంగారులోనే కూరలో ఉప్పు రెండుసార్లు వేసి ఉంటుంది. నేను మాత్రం ఆమె బతికినన్నాళ్లూ పదిమందిలో సగం గాయని అన్నాను. ఆమె నవ్వుతూ ఊరుకుంది. ఏడుపొచ్చింది. వినేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. బాంబులూ ఊపిరీ ఉంచేస్తున్నారట. పాట తర్వాత వినిపించే మాటలు మాత్రం మీవే, మీరు వద్దంటే వెయ్యం అంది. వద్దన్నాను.

“అట్ట మీద మేడం పేరు వేస్తున్నాం అంకుల్. రెండో పక్క వేరే గొంతు ఎందుకుందో కూడా ఒక వాక్యం రాయాలి. ఏమని రాయమంటారు?”

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“గొంతు పట్టేసిందని రాయమ్మా,” అన్నాను. “ఆమె అదే చెప్పింది.”