సమ్మెట మేస్త్రీ పాటల కాగితాలు

సమ్మెట మేస్త్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. పాత ఇళ్ళు పడగొట్టడం ముప్పయ్యేళ్ళుగా ఆయన పని. గోడకి మూడు దెబ్బలు చాలనుకుంటే నాలుగోది కొట్టడు. మనిషికి మాత్రం ఒక్కటి చాలిన చోట నాలుగు వేస్తాడు. పాత ఇనుము కొట్టువాడి ముక్కు పగిలింది ఆ చేతిలోనే. పాపం, వాడు చేసిన నేరమల్లా ఒక పాటల కాగితంలో మేకులు పొట్లం కట్టడం!

అవును, పాటల కాగితాలే. పియానో, వయొలిన్ వాయించేవాళ్ళు ఎదురుగా పెట్టుకునే, స్వరాలు అచ్చేసిన పాత కాగితాలు. కూల్చబోయే ఇళ్ళలో అటకల మీదా, బీరువాల అడుగునా దొరికేవి. కూలీలు ఇత్తడి గడియల కోసం కొట్టుకుంటుంటే మేస్త్రీ దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని వీటిని ఏరుకునేవాడు. ఇంట్లో రేకు పెట్టెలో దాచి, ఎవరినీ దాని ఛాయలకి రానిచ్చేవాడు కాదు.

పోనీ, స్వరాలు చదవడం వచ్చా అంటే ఒక్క ముక్క రాదు. ఆయనకి కావలసింది అచ్చు కాదు, అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న రాతలు. ‘ఇక్కడ తొందరపడకు.’ ‘మళ్ళీ తప్పావు, మొద్దుమొహమా!’ ‘నాన్న వింటున్నారు, బాగా వాయించు.’ ఆ రాసిన చేతులు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. వాళ్ళున్న గదుల్ని ఆయనే నేలమట్టం చేశాడు. మిగిలినవల్లా ఆ రాతలే. ఈ సంగతి ఎవరికైనా చెప్పాడా? చస్తే చెప్పడు. నవ్వుతారని భయం. అంత మొండిఘటానికి అదొక్కటే భయం, ఏం చేస్తాం!

కిందటేడు క్రేను డ్రైవరు దవడ విరగ్గొట్టి వచ్చిన రోజు భార్య తెగేసి చెప్పింది. “ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యెత్తావా, మా తమ్ముడింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ నా మొహం చూడవు.” ఆవిడ ఊరికే బెదిరించే రకం కాదు. ఆవిడ లేని ఇల్లు మేస్త్రీ ఊహించుకోలేడు. పదకొండు నెలలు చేతులు జేబుల్లో కుక్కుకుని తిరిగాడు.

పన్నెండో నెలలో ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి బల్ల దగ్గర బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. దర్జీ, బక్కప్రాణి. పక్కన రేకు పెట్టె తెరిచి ఉంది. అతను కాగితాలకి గుడ్డ అట్టలు కుడుతున్నాడు. మేస్త్రీ ఒక కాగితం తీశాడు. అంచు తెల్లగా ఉంది. ఇంకోటి తీశాడు. అదీ తెల్లగానే ఉంది. బల్ల నిండా రబ్బరు పొట్టు.

“ఎవడ్రా చెరిపింది?”

బామ్మర్ది మొహం పాలిపోయింది. ఒక్కసారి మేడ మెట్ల వైపు చూశాడు. “నేనే బావా. శుభ్రంగా ఉంటాయని...”

మాట పూర్తి కాలేదు. మొదటి గుద్దుకి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. చొక్కా పట్టి లేపి గోడకేసి కొట్టాడు మేస్త్రీ. మూతి పగిలి, ముందు పన్ను ఊడి కాగితాల మీద పడింది. అడ్డం పెట్టిన చెయ్యి పట్టుకుని మెలిపెడితే వేలు పుటుక్కుమంది. “బావా, చచ్చిపోతాను బావా!” అని అతను ఏడుస్తున్నా డొక్కలో తన్నుతూనే ఉన్నాడు. ఒళ్ళు తెలియలేదు మహానుభావుడికి.

మేడ మీద బట్టలారేస్తున్న భార్య పరుగున దిగి వచ్చింది. వచ్చి తమ్ముడి మీద అడ్డంగా పడిపోయింది.

“వాణ్ణెందుకు చంపుతున్నావు? చెరిపింది నేను! నీకు యాభై నిండుతున్నాయి, శుభ్రం చేసి అట్టలేయించి కానుకగా ఇద్దామని నాలుగు రోజులుగా నువ్వు పనికి వెళ్ళాక కూర్చుని చెరిపాను. అవి పిచ్చిరాతలు కావని నాకెప్పుడైనా చెప్పి చచ్చావా?”

మేస్త్రీ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆయాసపడుతూ కింద ఉన్నవాణ్ణి చూశాడు.

“మరి నేనే అన్నావేంట్రా?”

“అక్కని కొడతావని,” అన్నాడు బామ్మర్ది నెత్తురు ఉమ్ముతూ.

మేస్త్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్య వైపు తిరిగాడు. “ఇరవై రెండేళ్ళయింది. నీ మీద ఒక్కసారైనా చెయ్యి వేశానా? నువ్వే చెప్పు.”

“వెయ్యలేదు,” అంది. “ఎప్పుడు వేస్తావా అని ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.”

తమ్ముణ్ణి భుజానికి ఆనించుకుని లేవదీసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆ తర్వాత తిరిగి వస్తుందో, తమ్ముడింటికే వెళుతుందో! ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. రెండు చేతులతో తమ్ముణ్ణి పట్టుకుని ఆవిడ గడియ తీయలేకపోతోంది. తాను తీద్దామని మేస్త్రీ ఒక అడుగు ముందుకేసి చెయ్యెత్తాడు. ఆవిడ చటుక్కున తల వంచి, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.